అత్తగారి చేతికి కుదిరిన పెన్ను

పెన్నులాయన అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇంటి వెనక గదిలో చెక్కని తిప్పుతూ చెక్కే చిన్న లేతు మిషను, కిటికీ కింద పనిబల్ల, గోడకి వరసగా వేలాడే ఉలులు, అదీ ఆయన ప్రపంచం. చెక్కముక్కకి నిలువునా బెజ్జం వేసి, లేతు మీద నున్నగా తీసి, వెంట్రుకంత గాడి గీసి అందులో ఇత్తడి తీగనో ముత్యపు చిప్పనో పొదిగేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మరీ కొనుక్కునేవారు. అలాంటి మనిషిని ముప్పుతిప్పలు పెట్టింది ఒక్క అత్తగారే.

ఆవిడ టీచరుగా రిటైరై కూతురి దగ్గరే ఉండేది. ఒకప్పుడు ఆవిడ చేతిరాత అచ్చు గుద్దినట్టుండేది. బొటనవేలికి నొప్పి మొదలయ్యాక రాయడం తగ్గించేసింది. ఇప్పుడు మనవరాలి పెళ్ళి కుదిరింది. కార్డుల మీద పేర్లు తనే రాస్తానని పట్టుబట్టింది.

“దానికేముంది అత్తయ్యా, మంచి పెన్ను చేసిస్తాను,” అన్నాడు పెన్నులాయన. అనవసరంగా నోరు జారానని ఆయనకి తర్వాత తెలిసింది.

మొదటి పెన్ను నల్లటి చెక్కతో, సన్నగా, ఒళ్ళంతా ఇత్తడి మల్లెతీగతో తయారైంది. ఆవిడ దాన్ని గదిలోకి పట్టుకెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“అందంగా ఉంది అల్లుడుగారూ. జారిపోతోంది.”

ఆవిడ అల్లుణ్ణి ఎన్నడూ ‘నువ్వు’ అనలేదు. తిట్టినా మర్యాదగానే తిట్టేది.

రెండోది పాలిష్ తగ్గించి చేశాడు. మళ్ళీ తలుపేసుకుంది. “గుచ్చుకుంటోంది,” అంది. మూడోది తేలిక చెక్కతో చేశాడు. “బరువు,” అంది.

“ఇది దువ్వెన కంటే తేలిక అత్తయ్యా!”

“అయితే దువ్వెనతోనే రాయమంటారా?”

ఆ చిరాకులో తర్వాతి పెన్నుని గబగబా సానపడుతుంటే ఇత్తడి వేడెక్కి, పొదిగిన తీగంతా ఊడొచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి భార్య మీద విరుచుకుపడ్డాడు. “ఊరందరికీ నచ్చిన పని మీ అమ్మ ఒక్కదానికే నచ్చదేం?”

“మా అమ్మని మెప్పించడం మా నాన్నగారి వల్లే కాలేదు, మీకెందుకండీ అంత పట్టుదల? పేర్లు ప్రింటు చేయించి అంటిద్దాం,” అందామె.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. విని, ఒక్క మాటా అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ మారు మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.  కాసేపటికి పెన్నులాయన వెళ్ళి ఆవిడ గది తలుపు తోశాడు.

ఆవిడ మూడో పెన్నుని పిడికిట్లో బిగించి రాస్తోంది. బొటనవేలు కర్రలా నిలబడి ఉంది, వంగట్లేదు. ఆయన్ని చూడగానే కాగితాన్ని అరచేత్తో కప్పేసింది.

“తలుపు కొట్టి రాకూడదా?”

“జారుతోంది, గుచ్చుకుంటోంది అన్నారుగానీ, వేలు వంగట్లేదని ఒక్క ముక్క చెప్పొచ్చుగా! నేనేమన్నా జ్యోతిష్కుణ్ణా?”

“ఎంతమంది పిల్లల చేత గుండ్రంగా రాయించిన చెయ్యి ఇది! ఈ కోడి కెలుకుడు మీకు చూపించమంటారా?”

ఆయనకి కోపం పోలేదు, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. విసవిసా వంటింట్లోకి వెళ్ళి, భార్య కలుపుతున్న పిండిలోంచి ఒక ముద్ద లాక్కొచ్చాడు.

“పట్టుకోండి. పెన్ను అనుకోకండి, ఎలా వీలుగా ఉంటే అలా పట్టుకోండి.”

ముద్ద మీద పడ్డ వేళ్ళ గుర్తుల్ని చూసి చెక్క కోశాడు. ఈసారి పెన్ను కింద లావుగా, ఒక పక్క గుంటగా వచ్చింది. మల్లెతీగని ఆవిడ చెయ్యి కప్పేయకుండా పై కొసకి జరిపాడు. వేళ్ళు ఆనేచోట ఇత్తడి చుక్కలు పొదిగి, జారకుండా పట్టు కోసం వాటిని కాస్త ఉబ్బెత్తుగా ఉంచేశాడు. గోటికి కూడా తగలనంత నున్నగా పొదగడమే పనితనం అనుకునే మనిషికి ఒక్కో చుక్క దగ్గరా ప్రాణం ఉసూరుమంది.

“బీట్‌రూట్‌కి నగలు పెట్టినట్టుంది నాన్నా,” అంది పెళ్ళికూతురు. ఆయన పళ్ళు నూరుకున్నాడు.

ఈసారి అత్తగారు గదిలోకి వెళ్ళలేదు. హాల్లోనే కూర్చుని ఒక కార్డు దగ్గరికి లాక్కుంది. పాళీ కాసేపు ఆగి, కదిలింది. అక్షరాలు పాతవాటంత బాగా లేవు, కొంచెం వణికాయి, కానీ గుండ్రంగానే వచ్చాయి. పేరు రాసి, చివర ‘గారికి’ అని చేర్చి తలెత్తింది.

“సిరా బాగానే దిగుతోంది.”

అంతకన్నా మెప్పు రాదని భార్య ఆయనకి కళ్ళతోనే సైగ చేసింది.

అన్ని కార్డులూ రాయడం ఆవిడ వల్ల కాలేదు. దగ్గరివాళ్ళవి ఆగి ఆగి రాసింది. మిగతావాటికి ప్రింటు చేసినవి అంటించమని తనే అంది.

పెళ్ళయ్యాక, కొనేవాళ్ళకి చూపించడానికి ఆ పెన్ను ఒకసారి ఇమ్మన్నాడు పెన్నులాయన. ఆవిడ ఇవ్వనంది. చివరికి ఆవిడ చేతిలో ఉండగానే ఫొటో తీశాడు. ఆవిడ ఫోను లాక్కుని చూసింది.

“వేలు వంకరగా పడింది. మళ్ళీ తీయండి.”

మళ్ళీ తీశాడు.

“ఇందులో తీగ ఎడమకి వాలింది. చేసినప్పుడే వాలిందా?”

పెన్నులాయన వెలుతురు కోసం కిటికీ రెక్క బార్లా తీశాడు.

“ఈసారన్నా చెయ్యి కదపకండి అత్తయ్యా!”