దొరువు గట్టున పోసిన ఎరువు

నలభై ఏళ్లకు పైగా ఈ సంగతి నా గుండెల మీద కుంపటిలా ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. అంతే.

డెబ్భైల్లో బందరు అవతల ఇసుక నేలల్లో సరుగుడు అడవి పెంచే పనికి నేను సూపర్‌వైజర్ని. బెజవాడ వైపు నుంచి కోళ్ల ఎరువు లారీల్లో వచ్చేది. మొక్క మొక్కకీ గొయ్యి తీసి, కాస్త కాస్త వేసి మన్ను కప్పాలి. లారీ ఇసుకలో దిగబడుతోందని, ఎవరు మోయిస్తారులే అని, ఎరువంతా దారి పక్కనే, దొరువు గట్టున పోయించాను. దొరువంటే ఇసుకలో తవ్విన నీటిగుంట. దిగువ పేటవాళ్లు తాగేది ఆ నీళ్లే. ఆ సాయంత్రమే ముసురు పట్టింది. వారం తర్వాత చూస్తే కుప్ప సగమే ఉంది. మిగతా సగం ఎక్కడికి పోయిందో నాకు తెలియదా?

మరియమ్మ ఆ పేట నుంచే మా తోటలో కూలికొచ్చేది. ఆమెకు రెండు నెలల పాప. తనకు పాలు పడక డబ్బా పాలు కలిపి పట్టేది. ఒకరోజు బిందె చంకనెత్తుకుని నన్ను ఆపింది.

“నీళ్లు నాచు రంగు తిరిగినయ్యండీ. పాపకి పట్టొచ్చంటారా?”

“వాన నీళ్లమ్మా, తేరుకుంటాయి. బాగా మరగబెట్టి పట్టు.”

మరగబెట్టే పట్టింది. నాలుగు రోజులకు పాప పెదాలు, గోళ్లు నీలంగా మారాయి. బెజవాడ ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను, పెద్ద పుణ్యాత్ముణ్ణి కదా. ఏ నీళ్లు పడుతున్నారని డాక్టరుగారు అడిగారు. మరియమ్మ నా వైపు చూసింది. ఊరంతా తాగే మంచినీళ్లేనండీ అన్నాను. కుప్ప మాట బయటపడితే ఉద్యోగం పోతుందని భయం. మర్నాడు పాప పోయింది.

తల్లి చేతులు శుభ్రంగా లేకే బిడ్డ పోయిందని మరియమ్మ అత్తగారు సమాధి దగ్గరే అంది. అందరూ తలూపారు. నేనూ అక్కడే ఉన్నాను.

ఎరువు సారం కలిసిన నీళ్లు పసిబిడ్డల నెత్తురును చెడగొడతాయనీ, మరగబెడితే ఆ సారం ఇంకా చిక్కబడుతుందనీ చాలా ఏళ్ల తర్వాత ఒక వ్యవసాయ అధికారి వేరే ఏదో మాట్లాడుతూ చెప్పాడు. మరగబెట్టమన్నది నేనే. ఆ రోజు డాక్టరుతో నిజం చెబితే బతికేదా? తెలియదు. తెలియదనుకోవడం నాకు సుఖమేమో.

మరియమ్మ ఆ తర్వాత ఎవరి బిడ్డనూ ఎత్తుకోలేదు. ఎవరైనా అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. పోయేదాకా అంతే.

ఆమె చేతుల్లో ఏ తప్పూ లేదు. ఈ మాట ఆమెకు చెప్పాల్సింది. మీకు చెబుతున్నాను. కొంచెం తేలికగా ఉంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.