అమ్మ నీళ్లలోకి దిగిన దీవి

మొన్న ఫ్రిస్కోలోని మా ఇంట్లో మా అమ్మాయి స్విమ్మింగ్ క్లాసుకు బయలుదేరుతుంటే దాని బుగ్గలకు సన్‌స్క్రీన్ రాశాను. ఆ క్రీములోని కొబ్బరి వాసనకు నా తొమ్మిదో ఏటి వేసవీ, ఫ్లోరిడా దక్షిణాన సముద్రంలో చెదిరి ఉన్న దీవులూ, వాటి మధ్య రోజంతా మమ్మల్ని తిప్పిన తెల్లటి చిన్న ఓడా కళ్లముందుకొచ్చాయి.

ఆ ఓడ నాన్న సరదాకొద్దీ బుక్ చేసింది. అనంతపురం దగ్గర మెట్ట ఊళ్లో పెరిగిన అమ్మకు ఈత రాదు, సముద్రమంటే గుబులు. ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో ఒళ్లోని పులిహోర డబ్బా పట్టుకుని కూర్చుంది. నేను మాత్రం, మడచెట్ల కొమ్మల మీద గులాబీ రంగు కొంగలనూ, నీళ్లలోకి దబ్బున పడి గొంతుసంచి నిండా చేపలతో లేచే గూడబాతులనూ, ఓడతో పోటీపడి ఎగిరే డాల్ఫిన్లనూ చూస్తూ ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగులు పెట్టాను.

మధ్యాహ్నం ఒక ఇసుక దీవి దగ్గర ఓడ ఆగింది. చిన్న పడవలో కొంత దూరం వెళ్లి, అక్కడినుంచి మోకాలి లోతు నీళ్లలో నడవాలి.

"నేను రాను. మీరు పోయి రాండి," అంది అమ్మ.

"నువ్వు రాకపోతే నేనూ వెళ్లను అమ్మా," అని నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

అంతలో ఓడ పక్కనే బూడిద రంగు వీపొకటి పైకి తేలి, బుస్సుమని ఊపిరి వదిలింది. అది మానటీ, అంటే సముద్రపు ఆవు, అని ఓడ నడిపే ఆవిడ చెప్పింది. దాని పొట్టకు అంటుకుని చిన్న పిల్ల. అమ్మ రెయిలింగ్ మీదినుంచి వంగి, "దూడను ఎంటబెట్టుకోనొచ్చింది చూడు పాపా," అంది. అవి రెండూ తాపీగా దీవివైపు ఈదుకుంటూ పోతుంటే కాసేపు చూసి, డబ్బా పక్కన పెట్టి లేచింది.

"నా చెయ్యి ఇడ్సొద్దు."

నీళ్లలో మొదటి అడుగు వేసినప్పుడు నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకుంది. నాలుగడుగులయ్యాక ఆ చెయ్యి తనే వదిలేసి, చుడీదార్ తడుస్తున్నా పట్టించుకోకుండా, శంఖాల్లో కాపురముండే పీతల వెంట చిన్నపిల్లలా పరుగెత్తింది. ఓడకు తిరిగొచ్చాక ఉప్పు చేతులతోనే పులిహోర తిన్నాం. ఓడ నడిపే ఆవిడా రెండుసార్లు పెట్టించుకుంది.

పోయిన వేసవిలో అమ్మనూ, మా అమ్మాయినీ తీసుకుని మళ్లీ అక్కడికి వెళ్లాను. ఆ దీవి తుఫానులకు కొట్టుకుపోయిందట; ఇసుక ఉండాల్సిన చోట ఉత్త నీళ్లు మెరుస్తున్నాయి.

"ఇంగో దీవి ఏదన్నా ఉందేమో అడుగు," అంది అమ్మ. అప్పటికే చెప్పులు విప్పేసింది.