ఇంజను చిట్టిబాబు మీద విచారణ, సాక్షి దేవదానం

మా ఆయన సంఘానికి ఒక మినిట్స్ పుస్తకం ఉంది. ఎర్ర బైండు, లావుపాటి పుస్తకం. పదకొండేళ్ల నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మా మేడ మీద ఏం జరిగిందో అందులో ఉంటుంది. "శ్రీ నాగభూషణరావు గారు ప్రసంగించారు. శ్రీ ఆత్రేయ గారు విభేదించారు. శ్రీ శామ్యూల్ రాజ్ గారు సవరణ ప్రతిపాదించారు. దేవదానం హాజరు." పేజీ తర్వాత పేజీ ఇదే వరస. ఆయనకి ముందు శ్రీ లేదు, వెనక గారు లేదు. అందుకే దేవదానం గారి గురించి నేనే రాయాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, కథలు రాయడం నాకు రాదు. లెక్క తప్పితే ఊరుకోవడం కూడా రాదు.

సంఘం పేరు కృష్ణా డెల్టా సూక్ష్మ రైల్వే అభిమానుల సమాఖ్య. ఇంత పొడుగు పేరు చూసి ఎంతమంది ఉన్నారో అనుకునేరు, మొత్తం నలుగురు. అధ్యక్షులు మా ఆయన నాగభూషణరావు గారు, బందరు కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరయ్యారు. ఆత్రేయ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. శామ్యూల్ రాజ్ గారు బ్యాంకు ఆఫీసరు. వీళ్ల ముగ్గురి బొమ్మ ఇంజన్లూ విదేశాల నుంచి వచ్చినవి. అద్దాల బీరువాలో ఉంటాయి. తుడవడానికి మెత్తటి గుడ్డ వేరే ఉంది. నా కళ్లజోడు తుడుచుకోవడానికి మాత్రం చీర కొంగే గతి.

నాలుగో సభ్యుడు దేవదానం గారు. రైల్వేలో నిజంగా పనిచేసింది ఈయన ఒక్కడే. కీమాన్ ఉద్యోగం. అంటే రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని, పట్టాల వెంట నడుస్తూ, వదులైన ప్రతి బిగింపునీ కొట్టి సరిచేసుకుంటూ పోవడం. వడ్లమన్నాడు, పెడన మధ్య ముప్ఫై నాలుగేళ్లు నడిచాడు. సొంతూరు మోపిదేవి పక్కన. దివిసీమలో రైలు లేదు కాబట్టి రైలున్న చోటికి వచ్చాడు.

మా మేడ మీద గది నిండా పరుచుకున్న బుల్లి గుడివాడ జంక్షన్, బందరు నుంచి అక్కడికి వచ్చే లైనుతో సహా, ఈయన చేసిందే. చిలకలపూడిలో రోల్డు గోల్డు నగలు చేసేవాళ్ల దగ్గర మిగిలిన ఇత్తడి పట్టీలు తెచ్చి పట్టాలు అతికాడు. తాటి కర్ర చీల్చి వాటి కింద స్లీపర్లు వేశాడు. డబ్బా రేకుతో బోగీలు చేశాడు. స్టేషను మాస్టరు, పోర్టరు, పునుగుల బండి, స్తంభం దగ్గర కాలెత్తిన కుక్క, అన్నీ ఉన్నాయి. అభిమానులు ముగ్గురూ ఆ పట్టాల మీద తమ ఇంజన్లు పెట్టి, "ఆహా, మన ఇంజను ఎంత సాఫీగా పోతోందో చూశారా!" అని ఒకళ్లనొకళ్లు మెచ్చుకునేవారు.

ఈ వేసవి సెలవుల్లో గుడివాడలో ఒక థియేటరు నుంచి ఉదయ్ కిరణ్ అనే కుర్ర మేనేజరు మా ఇంటికొచ్చాడు. వాళ్ల హాల్లో శుక్రవారం 'ఇంజను చిట్టిబాబు' అనే పిల్లల సినిమా వేస్తున్నారట. బొమ్మల కొట్లో ఉండే బుల్లి రైళ్లు, కొట్టు మూశాక మాట్లాడుకుంటాయట. మన జంక్షన్ని సినిమా ఆడినన్నాళ్లూ హాలు వరండాలో పెడితే పిల్లలు చూసి సంతోషిస్తారని అడిగాడు.

సరే అనడానికి ఎంతసేపు పడుతుంది? మా ఆయనకి ఏదో ఒకటి తేల్చడానికే మూడు ఆదివారాలు పట్టింది.

"ముందు ఆ సినిమా మన మద్దతుకి అర్హమా కాదా తేల్చాలి" అన్నారు. రిటైరై తొమ్మిదేళ్లయినా ఆయన ఇంకా కోర్టులోంచి బయటికి రాలేదు. కూరలో ఉప్పు తక్కువైతే నాకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి మరీ కోప్పడతారు. ఆ సాయంత్రమే కళ్లజోడు సవరించుకుని ఇష్యూలు రాశారు. ఒకటి, సదరు సినిమాలో ఇంజనుకి కళ్లూ నోరూ ఉండుట సమంజసమా? రెండు, సదరు సినిమా బాలబాలికలకు రైల్వేల పట్ల తప్పుడు అవగాహన కలిగించునా? మూడు, అయినచో ఏమి చేయవలెను?

ఆదివారం ముగ్గురూ కలిసి ఫోనులో రెండు నిమిషాల ట్రైలరు చూశారు. దాన్ని పద్దెనిమిది సార్లు ఆపి చూశారు.

"పైన కరెంటు తీగలున్నాయి, కింద ఆవిరి ఇంజను పొగ వదుల్తోంది. ఇదేం లాజిక్కండీ?" అని ఆత్రేయ ఒంటికాలి మీద లేచాడు.

"గూడ్సు బండికి వెనకాల గార్డు పెట్టె లేదు. గమనించారా? పిల్లలు ఏం నేర్చుకుంటారు?" అన్నారు శామ్యూల్ రాజ్ గారు.

"ఏం నేర్చుకోరు. నవ్వుకుంటారు" అన్నాను పకోడీలు పెడుతూ. అది రికార్డులోకి ఎక్కలేదు.

"పిల్లలు చాలామంది వస్తారాండీ?" అని దేవదానం గారు మెల్లగా అడిగాడు. అదీ ఎక్కలేదు. కేసు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

టీ గ్లాసులు తీసుకుని ఆయన కిందికి, వంటింట్లోకి వచ్చాడు. వద్దన్నా వినడు. సింకులో పెడుతూ, "ఇస్తారంటారా అమ్మా?" అన్నాడు.

"మీకు ఇవ్వాలనుందా?"

ఆయన అన్నాడు, "మేం లైను మీద నడుస్తున్నప్పుడు బండొస్తే పక్కకి దిగి నిలబడాలమ్మా. కిటికీల్లో పిల్లలుంటారు. చేతులూపుతారు. నాకని కాదులెండి, గేదెలకీ ఊపుతారు, కరెంటు స్తంభాలకీ ఊపుతారు. వాళ్ల మొహాలు సరిగ్గా చూద్దామనుకునేలోపు బండి వెళ్లిపోయేది. ముప్ఫై నాలుగేళ్లూ అంతే. నేను చేసింది వాళ్లు నింపాదిగా నిలబడి చూస్తుంటే, ఒక్కసారి వాళ్ల మొహాలు చూడాలనుందమ్మా. అంతే."

"ఇదే మాట పైన చెప్పండి."

"సార్లు మాట్లాడుతున్నారు కదమ్మా" అని చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇంకో సలహా ఇవ్వకుండా గ్లాసులు కడిగేశాను. మా ఆయన్నడిగితే చెప్తారు, అది ఎంత అరుదో.

రెండో ఆదివారానికి సినిమా వచ్చేసింది. ఉదయ్ కిరణ్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. "విచారణలో ఉంది" అని మా ఆయన నాలుగుసార్లు చెప్పారు. తప్పుల జాబితా పంతొమ్మిదికి చేరింది. అప్పుడు నేను, "ఇంతకీ మీలో ఆ సినిమా చూసినవాళ్లెవరు?" అని అడిగాను.

ముగ్గురూ ఫ్యాను వైపు చూశారు.

చివరికి, కోర్టువారు పొలం గట్టు తగాదాలో కమిషనర్ని పంపినట్టు, శనివారం అందరూ వెళ్లి సినిమాని స్థల పరిశీలన చెయ్యాలని తీర్మానించారు. బందరు నుంచి గుడివాడకి బస్సులో గంట ప్రయాణం. కానీ రైలు అభిమానులు బస్సెక్కితే పరువేం కాను? పాసింజరులోనే వెళ్లారు. తీరా గుడివాడలో దిగేసరికి రెండో ప్లాట్‌ఫాం మీద ఒక గూడ్సుకి ఇంజను మారుస్తున్నారు. ఇంక కదిలితే ఒట్టు. దాని నంబరు రాసుకుని, ఫోటో తీసి, అది ఏ షెడ్డుదో వాదించుకుని, ముగ్గురూ థియేటరుకి చేరేసరికి ఇంటర్వెల్ అయిపోయింది. మొదటి నుంచీ చూసింది దేవదానం గారొక్కడే. స్టేషన్లో ఇంజను మార్చడం ఆయన జన్మంతా చూశాడు, తిన్నగా సినిమాకి వెళ్లిపోయాడు.

దాంతో మర్నాడు మా మేడ మీద మహా ధర్మసంకటం. సగం సాక్ష్యం మీద తీర్పు చెల్లదు. కాబట్టి దేవదానాన్ని సాక్షిగా పిలవాలి. పదకొండేళ్లలో మొదటిసారి ఆయనకి కుర్చీ మధ్యలో వేశారు. మామూలుగా గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. నేను పని మానుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. ఇప్పుడైనా తన కోరిక చెప్తాడేమోనని నా ఆశ.

"ఇంజనుకి కళ్లున్నాయా?" మా ఆయన మొదలుపెట్టారు.

"ఉన్నాయండీ."

"అది తప్పని నీకు అనిపించలేదా?"

"నేను పట్టాలు చూస్తున్నానండీ."

"పట్టాల్లో ఏమన్నా తప్పుందా?" ఆత్రేయ ఆశగా ముందుకి వంగాడు.

"పట్టాలు బానే వేశారండీ. డ్రైవరున్నాడు, గార్డున్నాడు, స్టేషను మాస్టరున్నాడు, టీ అమ్మేవాడున్నాడు. పట్టాలు చూసే మనిషే లేడండీ. పెద్ద వంతెన మీంచి వెళ్తుంది బండి. ఎవరూ ముందు నడిచి చూడరు. నాకు భయమేసింది."

ఇప్పుడు అర్థమయ్యుంటుంది వీళ్లకి అనుకున్నాను. మా ఆయన కలం మూత తీశారు.

"బ్రహ్మాండం! ఇరవయ్యో తప్పు. కీమాన్ లేకపోవుట. అన్నిటికన్నా ఇదే పెద్దది. ఏమంటారు?"

"రైల్వే భద్రతనే విస్మరించారండీ!" అన్నాడు ఆత్రేయ. శామ్యూల్ రాజ్ గారు తలూపారు. అయిదు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది. ఇటువంటి బాధ్యతారహితమైన సినిమాకి సమాఖ్య తన జంక్షన్ని ఇవ్వదు. ఆధారం, సాక్షి దేవదానం వాంగ్మూలం. ఆ మనిషి నోటితోనే ఆ మనిషి కోరిక కొట్టిపారేశారు. పైగా "మంచి పాయింటు చెప్పావయ్యా" అని భుజం తట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి మీ జంక్షన్లో ఉన్నాడా ఆ కీమాన్?" అన్నాను.

ముగ్గురూ వంగి వెతికారు. పోర్టరున్నాడు. కుక్క ఉంది. పునుగులు తినేవాళ్లు అయిదుగురున్నారు.

"లేడమ్మా, నేను చెయ్యలేదు" అన్నాడు దేవదానం గారు, ఏదో తప్పు చేసినట్టు. "నన్ను నేనే చేసుకుని పెట్టుకుంటే ఏం బాగుంటుందని..."

తర్వాత లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "అలాగేనండీ. ఇంజన్లు మీవి, అవి బీరువాలో ఉంచుకోండి. పట్టాలూ బోగీలూ నేను చేసినవి. రేపు వాటిని గుడివాడ తీసుకెళ్తానండీ."

"ఇంజను లేని రైలు ఎవడు చూస్తాడయ్యా?" అన్నారు మా ఆయన.

"చూడకపోతే తెచ్చేస్తానండీ."

"అలా కుదరదు. అది సంఘం ఆస్తి."

"అని ఆ పుస్తకంలో రాసి ఉందా?" అన్నాను. మా ఆయన పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. జర్మనీ ఇంజను ఏ తేదీన పార్సిల్లో వచ్చిందో ఉంది. జంక్షన్ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఒక్క ముక్క లేదు. కోర్టు మనిషి కదా, రికార్డులో లేనిది లేనట్టే. పుస్తకం మూసేశారు.

"పొద్దున్నే రండి దేవదానం గారూ, మేడ తాళం నా దగ్గరుంది" అన్నాను.

సోమవారం ఆయనా, భార్య అన్నమ్మా పట్టాలు ముక్కలు ముక్కలుగా విప్పి, పాత చీరల్లో చుట్టి, ట్రక్కు ఆటోలో తీసుకెళ్లారు. ఆ వారమంతా మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఖాళీ గదిలోకి పోయి రావడం, బీరువాలో ఇంజన్ని చూడటం. ఆదివారం మధ్యాహ్నానికి ఆగలేకపోయారు. "మన సమాఖ్య పేరు అక్కడ అనుమతి లేకుండా వాడారేమో చూసి రావాలి" అన్నారు. చర్చి నుంచి శామ్యూల్ రాజ్ గారు వచ్చాక, ఆత్రేయతో కలిసి బయల్దేరారు. ఈసారి నేనూ వెళ్లాను. రైల్లోనే, చెప్పాలా?

థియేటరు వరండాలో సమాఖ్య పేరు ఎక్కడా లేదు. ఇసకేస్తే రాలనంత మంది పిల్లలున్నారు. ఇంజను లేదు కాబట్టి దేవదానం గారు బోగీల్ని వేలితో తొయ్యనిస్తున్నాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ట్రిప్పు. బందరులో జనాన్ని ఎక్కించుకుని గుడివాడలో దింపాలి. పిల్లలు కూతలు వాళ్లే పెట్టుకుంటున్నారు. ఎవరి కూత వాళ్లది. ఆయనేమో పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పట్టాల వైపు చూడటమే లేదు. ఒక్కొక్క పిల్ల మొహం నింపాదిగా, కడుపునిండా చూసుకుంటున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మా ఆయన ముందుకి తోసుకెళ్లబోయారు. రెండు జడల పిల్ల ఒకర్తి అడ్డం నిలబడి, "వరసలో రండి తాతా!" అని గద్దించింది. హైకోర్టు ఆర్డరు విన్నట్టు వెనక్కి వచ్చి లైన్లో నిలబడ్డారు. ఆయన వెనక ఆత్రేయ, ఆ వెనక శామ్యూల్ రాజ్ గారు. ముప్పావుగంట పట్టింది. నోరెత్తలేదు.

వంతు వచ్చింది. మా ఆయన పంచె సర్దుకుని కింద కూర్చుని, బోగీ మీద వేలు పెట్టారు.

"గుడ్లవల్లేరు దాటాక మెల్లగా తొయ్యండి సార్" అన్నాడు దేవదానం గారు. "అక్కడ అతుకు కొంచెం లేచింది."

మా ఆయన వంగి చూశారు. కళ్లజోడు తీసి చూశారు. కనపడలేదు.

"ఎక్కడండీ?" అన్నారు.

దేవదానం గారు ఆయన వేలు పట్టుకుని ఆ అతుకు మీద పెట్టాడు. పదకొండేళ్లలో మా ఆయన దేవదానం గారిని, తనకి తెలియక, తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న అదొక్కటే.