అమ్మ తల మీద నా అరచెయ్యి

మొన్న గుణదలలో గుండు చేయించుకొచ్చిన మేనల్లుడి తల నిమిరితే అరచేతికి గరుగ్గా తగిలింది. చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. రెండు రోజులైనా మనసు కుదురుగా లేదు.

తొంభై ఆరులో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అమ్మ ఆస్పత్రి నుంచి గుండుతో వచ్చింది. మా ఇంట్లో అందరం గుణదల మేరీమాతకే తలనీలాలిచ్చేవాళ్లం. నన్ను వదిలేసి ఆ కొండకి వెళ్లొచ్చిందని అలిగాను. అమ్మ నవ్వి, "అవునే, మొక్కు తీర్చుకొచ్చా" అంది.

నా గుండు మీద వారానికే వెంట్రుకలు గుచ్చుకునేవి. అమ్మకి నెలలు దాటినా నున్నగానే ఉంది. నాకు కాలు నిలిచేది కాదు. బడి నుంచి రాగానే, సంచీ దించకుండానే అమ్మ తల తడిమేదాన్ని.

"మొక్కు సరిగ్గా తీర్చలేదేమో అమ్మా! మళ్లీ వెళ్దాం పద" అని ప్రాణం తీసేదాన్ని.

నోరంతా పూసి పెరుగన్నం కూడా మింగలేని మనిషి, "వస్తాయిలే, ఆగవే" అనేది.

ఒకరోజు చేతికి గరుగ్గా తగిలింది. "మాత ఒప్పుకుంది!" అని ఇల్లంతా గంతులేశాను. అమ్మ నా చేతిని తల మీదే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకేమో పరిగెత్తాలని ఉంది. ఆ జుట్టు వేలెడు పెరగకముందే అమ్మ పోయింది.

డిగ్రీలో జువాలజీ మేడమ్ చెప్పారు. గుండె కణాలు దాదాపు విభజన చెందవట. జుట్టు కుదుళ్లవి, నోటి లోపలి పొరవి ఆగకుండా చెందుతూనే ఉంటాయట. క్యాన్సర్ మందు అలా వేగంగా పెరిగేవాటన్నిటినీ చంపుతుందట. మందు ఆపితేనే మళ్లీ జుట్టు మొలుస్తుందట.

ఇక లాభం లేదని ఆపేశారన్నమాట. ఆ రోజు మా ఇంట్లో ఆ సంగతి తెలియనిది, గంతులేసిన నాకొక్కదానికే.