కంప్యూటర్ మీద కలంకారీ దుప్పటి

ఇరవై ఏళ్ల క్రితం నేను బందరులో కంప్యూటర్ కోర్సు చేస్తున్నప్పుడు, పెడనలో కలంకారీ అద్దకం చేసే నాన్న నాకో కంప్యూటర్ కొన్నారు. దుమ్ము పడకూడదని తానే అద్దిన దుప్పటి సీపీయూకి కప్పారు. ఆన్‌లో ఉన్నా తీయనిచ్చేవారు కాదు. కార్ల రేసు ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్ ఆగిపోయేది.

వైరస్ అన్నాను. రెండుసార్లు ఫార్మాట్ చేశాను. అందులో దాచిన అక్క పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. మళ్లీ ఆగిపోయేసరికి ఇంటిల్లిపాదీ నా వంకే చూశారు.

నాన్న దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చారు. "రంగు మరిగే కాగులా కాలిపోతోందమ్మా. కప్పింది నేనేగా" అంటూ దాన్ని తీసేశారు. ఆ తర్వాత ఆట ఆగలేదు. కోర్సులో ఫస్టొచ్చిన నేను తలెత్తలేకపోయాను.

ఇప్పుడు నాన్న లేరు. నేను పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాను. ఏది మొరాయించినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తాను.