మా అన్న మాట విన్న కుక్కపిల్ల

పామిడి వైపు ఒక అలవాటు ఉండేది. ఇంటికి కొత్తగా కుక్కపిల్లను తెస్తే దాన్ని చేతుల్లో పట్టుకుని పొయ్యి ముందు మూడుసార్లు తిప్పి, నుదుట ఇంత బూడిద రాసేవాళ్లు. ఇక అది ఆ ఇల్లు వదలదని నమ్మకం. అరవైల మొదట్లో, పత్రికకు వార్తలు రాసే రోజుల్లో, ఒక గొర్రెల కాపరి దగ్గర నుంచి పిల్లను తెచ్చుకుని నేనూ అలాగే చేశాను.

అప్పటికి అన్నా నేనూ వేరు పడ్డాం. ఇల్లు ఒకటే, మధ్యలో కొత్త గోడ, వాకిలి ఉమ్మడి, పొయ్యిలు రెండు. నా భార్య పురిటికి యాడికి అనే ఊళ్లో పుట్టింటికి వెళ్లింది కాబట్టి నా పొయ్యి వెలిగించేవాళ్లు లేరు. నా తిండి వదిన దగ్గరే.

నేను కుక్కపిల్లను తిప్పుతుంటే వదిన వాకిట్లో నుంచి చూసి నవ్వింది.

"చల్లారిన పొయ్యి ముందర తిప్పితే నిలుస్తాదా అబ్బీ? ఈడ సంగటి ఉడకదని దానికీ తెలుస్తాది."

"నిలుస్తాది లే వదినా."

"నువ్వే నిలవలేదు. పూటపూటకూ మా పొయ్యికాడికే వస్తాండావు."

ఎండిన బావులూ పశువుల మేతా చూసి రాయడానికి పొద్దున్నే బస్సెక్కితే, తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టేవాళ్లు. అప్పటికి కుక్కపిల్ల అన్న కాళ్ల దగ్గర ఉండేది. పెన్న ఇసుకలో చెలమ నీళ్లకు బండి కట్టుకుని పోతే దాన్నీ తీసుకుపోయేవాడు. బస్సు హారన్‌కు అది బండి కింద దూరి వణికితే, పక్కనే కూర్చుని బీడీ తాగుతూ బస్సులన్నీ పోయేదాకా ఆగేవాడట. నాకు ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి బావిలోకి తోసేసిన మనిషి!

టీ అంగడి దగ్గర ఆగి వచ్చేపోయేవాళ్ల చేతులు దానికి వాసన చూపించేవాడు.

"ఏమప్పా, తమ్ముని కుక్కకు పాఠాలు చెప్పే అయివారువా నువ్వు?" అని ఎవరో ఎగతాళి చేస్తే, "వాడు ఊరి సంగతులు రాస్తాడు, ఇంట్లోది ఎవురు జూడాల?" అన్నాడట. అది కూడా నా చెవిన పడింది.

నేను గుత్తి నుంచి బన్ను తెచ్చేవాణ్ణి. చేతిలోనే తిని, చెయ్యి నాకి, నేరుగా అన్న దగ్గరికి పోయేది. నేనొక మంచి పేరు పెట్టాను. అన్న ఆ పేరు నోట పట్టలేదు. "రేయ్" అనేవాడు, అంతే. నన్ను పిలిచేదీ అలాగే. ఆ పిలుపుకు మా ఇద్దరిలో ముందు లేచేది అదే.

ఆఖరికి యాడికి వెళ్లి భార్యనూ బిడ్డనూ తీసుకొచ్చాను. మా గడప దగ్గరికి రాగానే కుక్కపిల్ల ఎదురొచ్చి మొరిగింది. పేరు పెట్టి పిలిచాను, కసిరాను. ఇంకా మొరిగింది. బిడ్డ గుక్కపట్టింది.

"మన ఇంట్లోకి మననే రానీదా?" అంది నా భార్య.

అన్న వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బిడ్డకు చుట్టిన గుడ్డ కొస పట్టుకుని, "రేయ్, మనోళ్లే. చూడు, మనోళ్లే" అని వాసన చూపించాడు. అది తోక దించి, నా భార్య పాదాలు వాసన చూసి, పక్కకు తొలగింది. నా పెళ్లాం బిడ్డలను నా కుక్కకు పరిచయం చేయడానికి అన్న రావలసి వచ్చింది.

"ఇది బావ కుక్కనా?" అని ఆమె నన్నడిగింది.

"కాదు, మనదే" అన్నాను, కాస్త గట్టిగానే.

అన్న నవ్వుతాడని చూశాను. నవ్వి ఉంటే ఆ రోజే పోట్లాడేవాణ్ణి. "అవుమ్మా, మీదే" అన్నాడు. "మీ గడపకు కావలి కాయల్లని నేర్పినా. మీ మొగుడు ఇంటిపట్టున ఉండడు గదా."

కుక్కపిల్లను తప్పుకుని లోపలికి వెళ్లాను.