ఆర్లీనమ్మ ఆమేన్

మా బ్రష్‌ఫోర్క్ ఊరి జనానికి దేవుడంటే ఉన్న భయం కంటే ఆర్లీన్ స్కాగిన్స్ అంటే ఉన్న భయం ఎక్కువ. దేవుడు ఎప్పుడో చివర్లో తీర్పు చెబుతాడు. ఆర్లీనమ్మ ప్రతి నెలా టౌన్ హాల్లో చెప్పేస్తుంది, అదీ మైకులో.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. బుర్ర లేక కాదు, నాకు చెప్పడానికి పంతుళ్ళ దగ్గర ఇంక సరుకు మిగల్లేదు. ఆర్కాన్సా రాష్ట్రం మొత్తంలో ఈవిడ చరిత్ర సరిగ్గా చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి నోరు మూసుకుని వినండి.

ఆవిడ దాణా మిల్లు వెనక వీధిలో పుట్టింది. పుట్టగానే ఏడవలేదట, మంత్రసానిని మారుమనస్సు పొందమందట. గ్యాస్ సిలిండర్లమ్మే స్కాగిన్స్‌ని పెళ్ళాడింది. భోజనానికి ముందు ఆవిడ ప్రార్థన ముగిసేదాకా కాచుకుని కాచుకుని, ఆ మానవుడు వేడి కూర ఎట్లా ఉంటుందో తెలీకుండానే పోయాడు. ఊళ్ళో ఎవరు చనిపోయినా ఆ ఇంటికి మొదట చేరేది ఈవిడ బంగాళాదుంపల సలాడే. సలాడ్ బాగుంటుంది, అది ఒప్పుకోవాలి. కానీ గిన్నె కోసం తిరిగొచ్చినప్పుడు ఆ ఇంటి గుట్టంతా అందులో పెట్టుకుపోతుంది. ఆదివారం చర్చిలో అది ప్రార్థన మనవిగా బయటికొస్తుంది. "ఫలానా వాళ్ళబ్బాయి కోసం ప్రార్థించండి, మళ్ళీ జైలుకెళ్ళాడు, పాపం." అదే మనం చెబితే చాడీ. ఆవిడ చెబితే ఆత్మల మీద భారం.

చర్చిలో ఎవరేం చేసుకున్నా నాకు పేచీ లేదు. టౌన్ హాలు అట్లా కాదే! మురుగ్గొట్టాల గురించీ వీధి కుక్కల గురించీ మాట్లాడుకోడానికి కట్టుకున్నాం దాన్ని. అక్కడ సభకు ముందు ప్రార్థన మా తాతల నాటి నుంచీ ఉంది. ఏళ్ళ తరబడి అది ఆర్లీనమ్మ సొంత ఆస్తి. అందులో ఉన్న కిటుకు చూడండి. సభలో ఎవరైనా మాటంటే లేచి తిరిగి అనొచ్చు. ప్రార్థనలో అంటే అనడానికి లేదు. తల వంచాలి, కళ్ళు మూసుకోవాలి, తిట్లు తినాలి, చివర్లో ఆమేన్ కూడా మనమే అనాలి. ఒకసారి "ప్రభువా, సైలెన్సర్ లేని బండేసుకుని ఊరి నిద్ర చెడగొట్టే ఆ మూర్ఖుణ్ణి క్షమించు" అంది. అది నా బండే. నేనే గట్టిగా ఆమేన్ అన్నాను. ఏం చేస్తాం, అమ్మ ఒళ్ళో కూర్చున్నప్పటి అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

మా అక్క కూతురు లారా బెత్ ఆ హాల్లోనే గుమస్తా. మొగుడు వదిలేసి పోయాడు. కొడుక్కి చక్కెర జబ్బు. ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ ఉంటేనే వాడికి ఇన్సులిన్. ప్రభుత్వ సభలో ప్రార్థనేమిటని పక్క ఊళ్ళో ఎవరో కోర్టుకెక్కారని విని, పిచ్చిపిల్ల మేయర్‌కి ఒక సలహా ఇచ్చింది. "మనం కాసేపు మౌనంగా నిలబడదామండీ. ఎవరి ప్రార్థన వాళ్ళు మనసులో చేసుకుంటారు."

మౌనం! ఆర్లీనమ్మని మౌనంగా ఉండమనడం! తర్వాతి సభలోనే గుమస్తాను తీసెయ్యాలన్న విషయం ఓటుకొచ్చింది. తెచ్చినవాడు కౌన్సిలర్ డెల్మర్ నట్, ఆర్లీనమ్మ మేనల్లుడు, సగం ఒళ్ళు ఆ సలాడే.

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. ఆర్లీనమ్మ మైకు పట్టుకుంది.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ పేరెత్తడానికి సిగ్గుపడే ఆడబిడ్డ ఒకతె ఈ గదిలోనే ఉంది. పేరు చెప్పను, నీకు తెలుసు. ముందు వరసలో, నీలం స్వెటర్. మొగుణ్ణి నిలుపుకోలేకపోయింది, అయినా ప్రేమించు ప్రభువా. నిన్ను గెంటేసే చేతుల్లో ఈ ఊరి తాళాలు ఉంచొద్దు..."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. లారా బెత్ చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. ప్రార్థన మొదలైనప్పుడు మేయర్ హోయ్ట్ గడ్డం నున్నగా ఉంది, ముగిసేసరికి మాసిపోయింది. ఇది అబద్ధమైతే నా పడవ మునిగిపోవాలి.

అందరం ఆమేన్ అన్నాం. లారా బెత్ లేచింది. "నేనొక మాట చెప్పుకోవచ్చా, మేయర్ గారూ?"

"కుదరదమ్మాయ్," అన్నాడు డెల్మర్. "నీ ఉద్యోగం మీద నువ్వు మాట్లాడకూడదు. రూలు."

"మీ అత్త ఇందాకట్నుంచీ మాట్లాడిందేమిట్రా మరి?" అని నేను అరిచాను.

"అది మాట్లాడ్డం కాదు స్కీటర్, ప్రార్థన. బడి మొహం చూడనివాడివి, రూల్సు నీకెందుకు?"

"చూశాన్రా. నీ మొహంలాగే ఉంది, అందుకే వచ్చేశాను."

హాలంతా నవ్వింది. లారా బెత్ నవ్వలేదు. "సరే, మాట్లాడను. నేనూ ప్రార్థనే చేసుకుంటాను."

మేయర్ గతుక్కుమన్నాడు. మా ఊళ్ళో ప్రార్థన వద్దన్నవాడు మళ్ళీ ఎన్నికల్లో గెలవడు. "ఏమంటారు ఆర్లీనమ్మగారూ?"

"నేనెందుకు అడ్డం చెబుతానయ్యా? చేసుకోనీ. వస్తే గదా!"

తలలన్నీ వంగాయి. లారా బెత్ మొదలుపెట్టింది. "ప్రభువా, నాకు పెద్ద మాటలు రావు. నా కొడుక్కి మందు కావాలి. మందు కావాలంటే ఈ ఉద్యోగం ఉండాలి. నన్ను ఈ కుర్చీలోనే ఉండనిమ్మని ఇక్కడున్న అందరి నోటా అనిపించు. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాం."

"ఆమేన్!"

హాలు దద్దరిల్లింది. కౌన్సిలర్లందరూ అన్నారు. డెల్మర్ అన్నాడు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆర్లీనమ్మ అంది. అనేశాక కళ్ళు తెరిచింది. మింగిన చేప ముల్లు గొంతుకడ్డం పడ్డట్టు చూసింది.

హోయ్ట్‌కి చెరువు దగ్గర గాలాలు వేసుకోవాలని తొందర. చెక్క సుత్తి ఎత్తాడు. "అందరూ ఒప్పుకున్నట్టే నాకు వినపడింది. దేవుడికిచ్చిన ఆమేన్ వెనక్కి తీసుకునేవాళ్ళెవరైనా ఉంటే లేచి నిలబడండి."

డెల్మర్ సగం లేచాడు. ఊరంతా తన వైపే చూడటం చూసి, ప్యాంటు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాడు. సుత్తి పడింది.

ఇంతటితో మౌనం గెలిచిందనుకుంటున్నారేమో. లేదు. పొట్టిగా ముగిస్తుందని మేయర్ ఆ నెల నుంచీ ప్రార్థన లారా బెత్ చేతికిచ్చాడు. "నీ మౌనం ఏమైందే?" అని నిలదీశాను.

"మౌనంగా ఉంటే నా కొడుక్కి మందొచ్చేదా మావయ్యా?" అని ఎదురడిగింది.

పోయిన సభలో ఆర్లీనమ్మ నా పక్కనే కూర్చుంది, చేతిలో మైకు లేకుండా. లారా బెత్ కళ్ళు మూసుకుని, "ప్రభువా, బండికి కట్టి లాక్కొచ్చిన పడవని ఫైర్ స్టేషన్ గుమ్మానికడ్డంగా నిలిపే ఆ సోమరి మనసు మార్చు" అంది. ఆ పడవ ఎవరిదో ఊరంతటికీ తెలుసు. సొంత మేనమామని!

నేను పళ్ళు బిగించి, ఈసారి ఆమేన్ అననని ఒట్టేసుకున్నాను. నా చెవి పగిలేలా ఆర్లీనమ్మ అంది.